అద్దం వెనక అమ్మ

వోలోస్, మంగళవారం

చెల్లీ దెస్పీనా,

నా మోకాలు నయం, నువ్వేం బెంగపడకు. వికలాంగుల పార్కింగ్ దగ్గర పోలీసులకు సాయంగా వాలంటీర్‌గా తిరుగుతున్నానని చెప్పాను కదా. నిన్న మందుల షాపు ముందు వికలాంగుల బళ్ళకని గీసిన నీలం గడిలో ఒక కారు నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమంటూ ఆగి ఉంది. చక్రాల కుర్చీ కిరియాకోస్ పాపం తన వ్యాన్‌లో మూడు చుట్లు తిరిగి, దిగే చోటు లేక వెళ్ళిపోయాడు. ఒళ్ళు మండి జరిమానా చీటీ రాయబోయాను. అద్దం వెనక వికలాంగుల పార్కింగ్ కార్డు ఉంది, ఎవరో ఫొటో వైపు బయటికి కనిపించేలా తిరగేసి పెట్టారు. ఫొటోలోంచి మన అమ్మ నవ్వుతోంది! సముద్రం మీంచి వచ్చిన మంచులో ఆ లైట్లు ఆరుతూ వెలుగుతుంటే, అమ్మ మందులకని లోపలికెళ్ళిందేమో, ఇప్పుడే వచ్చేస్తుందేమో అనిపించి అలాగే నిలబడిపోయాను.

వచ్చింది మీ ఆయన, చేతిలో కాఫీతో.

"రెండు నిమిషాలే వదినా, లైట్లు వేశాగా!"

"రెండు నిమిషాలా? అమ్మ పోయి మూడేళ్ళయింది మరిదీ!"

చీటీ రాసేశాను, కోపం తెచ్చుకోకు. ఆలివ్‌లు ఊరేశావా? నాకో సీసా ఉంచు. ఆ కార్డు కూడా పంపించు, ఆఫీసులో అప్పగించాలి. అప్పగించే ముందు రెండే రెండు నిమిషాలు అమ్మను చూసుకుంటాను.

అందరూ చల్లగా ఉండండి.

మీ అక్క,
అర్గిరో