రెండు వేళ్ళు లోపలికి

సహాయ కేంద్రం అధికారి గారికి,
కింది వాటా దర్జీ నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా, ధరలు మండిపోతున్న ఈ రోజుల్లో ఇల్లు గడవనివాళ్ళకి వంట సరుకుల పెట్టె ఇస్తున్నారని మీ గోడ మీద చదివాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా పై వాటా లెక్కల మాస్టారు అడిగే రకం కాదు. అందుకని ఆయన తరఫున నేను అడుగుతున్నాను.

ఆయన పస్తులుంటున్నాడని నాకెలా తెలుసంటారా? ప్యాంట్లు చెప్పాయి. ఈమధ్య నెల తిరక్కుండా ప్యాంటు పట్టుకొచ్చి, "నడుము దగ్గర రెండు వేళ్ళు లోపలికి పట్టవయ్యా" అంటాడు. ఉన్న ప్యాంట్లన్నీ అయిపోయి మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. మనిషిని చూద్దామంటే మోకాళ్ళు దాటే కోటు తొడుక్కుని వస్తాడు. "కొలత తీస్తానుండండి" అంటే "అక్కర్లేదు, ఆ రెండు వేళ్ళే" అంటాడు. ఇలాగే పోతే ప్యాంటు జేబులు రెండూ వెనకాల కలుసుకుంటాయి. పైగా తిండి మానేసి నాకు కూలి ఇస్తున్నాడు, అదీ నా బాధ.

నేను రాసినట్టు ఆయనకి చెప్పకండి. అభిమానం గల మనిషి.

ఇట్లు,
దర్జీ

తా.క. నా సంగతంటారా, నాకేం లోటు లేదు. రెడీమేడ్ షాపు వచ్చాక మిషనుకి కాస్త విశ్రాంతి దొరికింది, అంతే. ఒంటిపూట భోజనం ఒంటికి మంచిదట కూడానూ.

* * *

దర్జీ గారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇలాంటివి మాకు కొత్త కాదు. పక్కింటివాళ్ళకని ఒకరు, తెలిసినవాళ్ళకని ఒకరు రాస్తుంటారు. తీరా వెళ్ళి చూస్తే ఆ తెలిసినవాళ్ళు వాళ్ళే. అందుకే ఉత్తరం ఎవరు రాస్తే పెట్టె వాళ్ళ గుమ్మానికే పంపడం మా పద్ధతి. పంపించాం. మొహమాటపడకుండా తినండి.

ఇట్లు,
సహాయ కేంద్రం అధికారిణి

తా.క. నేను అయ్యని కాను, అమ్మని. మీ "మాస్టారు" త్వరలోనే ఒళ్ళు చేయాలని కోరుకుంటున్నాను.

* * *

అమ్మగారికి,
దర్జీ నమస్కారాలు.

ఎవరికో కుట్టిన చొక్కా నాకు తొడిగారు. మాస్టారు నిజంగానే ఉన్నాడమ్మా, నడుమే లేదు.

సరే, మీ పెట్టెని విప్పకుండా, మీ కేంద్రం చీటీ మాత్రం పైకి కనిపించేలా గోనెగుడ్డ చుట్టి, నీలం దారంతో గొలుసుకుట్టు వేసి, మాస్టారి గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి దొంగలా దిగి వచ్చాను. ఈ మోకాళ్ళతో ఆ మెట్లెక్కడం అంటే మాటలా? హమ్మయ్య అనుకుని నాలుగు రోజులు కాలేదు, నా గుమ్మంలో ఇంకో పెట్టె! దాన్నీ మోశాను. ఇకనైనా సరుకులు పై వాటాకి పంపండి. బరువు నాకూ పుణ్యం మీకూ అంటే ఎట్లా?

ఇట్లు,
దర్జీ

తా.క. ఈసారి పెట్టెకి మీరే గోనెగుడ్డ కుట్టించి పంపారు. ఆఫీసులో దర్జీని పెట్టుకున్నారన్నమాట. పనిమంతుడే. నీలం దారం, గొలుసుకుట్టు, అచ్చం నా చేతి పనిలా ఉంది. మూల దగ్గర ముడి మాత్రం వదులు. ఆయనకి కాస్త చెప్పండి.

* * *

దర్జీ గారికి,
నమస్కారాలు.

మేము పంపింది ఒక్క పెట్టె. మీరు రెండంటున్నారు. ఆకలికి కళ్ళు తిరిగితే ఒకటి రెండుగా కనిపిస్తుందని భయపడి మా మనిషిని మీ ఇంటికి పంపాను. మీరు షాపుకి దారం కోసం వెళ్ళారట, తలుపు తీసే ఉందట. మీ వంటింటి డబ్బాల్లో ఒకదాంట్లో బొత్తాలు, ఇంకోదాంట్లో హుక్కులు, పెద్దదాంట్లో దారపు ఉండలు ఉన్నాయని చెప్పాడు. పొయ్యి మీద ఇస్త్రీపెట్టె ఉందట.

బొత్తాలు ఉడకవు కదా, దర్జీ గారూ? డాక్టరుని పంపుతున్నాను.

ఇట్లు,
అధికారిణి

తా.క. మా ఆఫీసులో దర్జీ ఎవరూ లేరు. దయచేసి పడుకుని విశ్రాంతి తీసుకోండి.

* * *

అమ్మగారికి,
దర్జీ మండిపడుతూ రాసేది.

మీ డాక్టరు వచ్చి నా నాలుక చూసి, కళ్ళు చూసి, "ఇప్పుడు నేను ఎంతమంది కనిపిస్తున్నాను?" అన్నాడు. "ఒక్కరే ఎక్కువయ్యారు" అన్నాను. రోగి పైన ఉన్నాడంటే వింటేగా! తా దూర కంత లేదు మెడకో డోలు అని నన్ను అనుకుంటున్నారేమో, నా వంటింట్లో బొత్తాలుంటే మీకెందుకు? వాటికి పురుగు పట్టదు.

అసలు సంగతి వినండి. మాస్టారు సాయంత్రం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ రెండు వేళ్ళే. బల్ల చూపించి కూర్చోమంటే కూర్చోలేదు. పెన్సిలు కింద పడితే వంగబోయి, మూలిగి, మానేశాడు. కూర్చునే ఓపిక కూడా పోయింది ఆయనకి. ఆయనకేమైనా అయితే నేను తట్టుకోలేనమ్మా. ఈ వీధిలో నన్ను పేరు పెట్టి పలకరించే మనిషి ఆయనొక్కడే.

ఇట్లు,
దర్జీ

తా.క. మూడో పెట్టె వచ్చింది. ఆ ముడి ఇంకా వదులుగానే ఉంది. లేని దర్జీకి పొగరెక్కువ.

* * *

దర్జీ గారికి,
నమస్కారాలు, క్షమాపణలు.

మా గోదాము ఆయన్ని పిలిచి గట్టిగా అడిగాను. కోటు వేసుకున్న ఒక పెద్దాయన గోనెగుడ్డ కుట్టిన పెట్టె తెచ్చి దించి, "ఇది కింది వాటా దర్జీది, పొరపాటున పైకొచ్చింది. ఆయన నోరు తెరిచి అడగడు, మీరే పంపండి" అని చెప్పి వెళ్ళాడట. వచ్చిన ప్రతిసారీ అదే మాట. మావాడు ప్రతిసారీ మీకే పంపాడు.

అంటే మూడు పెట్టెలు లేవు. ఒక్కటే పెట్టె మీ మెట్లూ మా మెట్లూ ఎక్కి దిగుతోంది. అందులో గింజ కూడా ఎవరూ తినలేదు. ఆ వదులు ముడి మీదే.

మాస్టారు ఉన్నారని మీరు మొత్తుకుంటున్నా నేను నమ్మలేదు. తప్పు నాదే. దయచేసి ఆ పెట్టెని ఎవరో ఒకరు విప్పండి.

ఇట్లు,
అధికారిణి

తా.క. ఆ పెద్దాయన మా మెట్లు చాలా మెల్లగా, కాళ్ళు చాపకుండా ఎక్కుతాడట. ఒకసారి ఏదో చిరిగిన చప్పుడు కూడా అయిందట.

* * *

తల్లీ,
దర్జీ చేతులు జోడించి రాసేది.

మీ ఉత్తరం చదివి పెట్టె ఒక చేత, టేపు ఒక చేత పట్టుకుని పైకి వెళ్ళాను. "ముందు కోటు విప్పండి" అన్నాను. మాస్టారు కోటుని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. నేనే విప్పించాను. ప్యాంటు బొత్తాం పెట్టుకోలేక తాడుతో కట్టుకున్నాడు! టేపు చుడితే నడుము ప్యాంటుకన్నా జానెడు ఎక్కువ. ఆయన చిక్కనే లేదు తల్లీ. నేనే బాగున్న ప్యాంట్లన్నీ చిక్కించాను.

"పస్తులున్నవాడి పొట్టేనా ఇది?" అన్నాను.

"నీ మిషను చప్పుడు ఆగిపోయిందయ్యా" అన్నాడు. "పైన కూర్చుంటే ఆ నిశ్శబ్దం వినలేకపోయాను. ఊరికే ఇస్తే నువ్వు పుచ్చుకోవు. నా దగ్గర పని కింద ఇవ్వడానికి ప్యాంట్లు తప్ప ఏమున్నాయి?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఇన్నాళ్ళూ బట్టనే చూశాను, మనిషిని చూడలేదు.

పెట్టె విప్పి ఆయన పొయ్యి మీదే వండాం. మాస్టారు నిలబడి తిన్నాడు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇప్పుడు అసలు మాట. వచ్చే నెల పెట్టె పంపండి. అడుగుతున్నది మాస్టారి కోసం కాదు. నాకోసం.

ఇట్లు,
కింది వాటా దర్జీ

తా.క. ప్యాంట్లన్నీ మళ్ళీ వదులు చెయ్యాలి. చేతినిండా పని. వద్దన్నా కూలి ఇస్తానంటున్నాడు.

ఇంకో తా.క. ఆ వదులు ముడి విప్పడానికి ఇద్దరం కలిసి పళ్ళూ గోళ్ళూ వాడాం, చివరికి కత్తెరే దిక్కయింది. మీ ఆఫీసు దర్జీ మీద నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.