బాయి కాదు, బావి

జూన్ 3
తెనాలి నుంచి ఈ సెంటినరీ కాలనీకి, అల్లుడి క్వార్టర్‌కి వచ్చి నెలైంది. అల్లుడు పృథ్వీరాజ్ బొగ్గుగనిలో ఇంజనీరు. ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ఊరికే కూర్చోలేను. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తప్పులు దిద్దుతున్నాను. అక్కడ నిర్వాహకుడి పదవికి నా పేరు ప్రతిపాదించారు. వచ్చే సోమవారం ఓటింగ్. జీతమెంత అంది చంద్రమతి. భార్యలింతే.

జూన్ 5
ఈ కాలనీ మీద ఎవరో రాజకుమారి అనే ఆవిడ వ్యాసం రాసింది. ‘ఏడో బాయిలో మూడు షిఫ్టులు నడిచేవి’ అట. బావి అని రాయడం కూడా రాదు. దిద్దాను. సాయంత్రానికి మళ్లీ బాయి. మళ్లీ దిద్దాను. బావిలో షిఫ్టులేమిటో మాత్రం అర్థం కాలేదు.

జూన్ 6
ఆమె జవాబు పెట్టింది. మా దిక్కు బొగ్గుగనినే బాయి అంటరు సార్, మీ మాట పుస్తకాలకెక్కింది, మాది ఎక్కలె, గంతే అని. మూలం చూపించమన్నాను. కాలనీల ఎవలనన్న అడుగుర్రి అంది. జనం మూలమెలా అవుతారు? ఒళ్లు మండింది.

జూన్ 7, ఉదయం
ఒక్కో పేజీ దిద్దే ఓపిక లేదు. తనంతట తనే దిద్దుకుపోయే ప్రోగ్రాం, బాట్ నడిపాను. సర్వస్వంలో ఎక్కడ ‘బాయి’ కనిపించినా ‘బావి’. హాయిగా కునుకు తీశాను.

జూన్ 7, మధ్యాహ్నం
అబ్బాయిలందరూ అబ్బావిలయ్యారు.

ముంబాయి ముంబావి అయింది. దాన్ని ఎవరో అప్పుడే నీటి వనరుల్లో చేర్చారు. ఇంకొకతను, మీ పెద్దబ్బావికి సంబంధాలు చూస్తున్నారా అని అడిగాడు. తల ఎక్కడ పెట్టుకోను?

జూన్ 8
నా బాట్ ఆపేశారు. చేత్తో దిద్దుకోవాలి. అప్పుడు చెప్పింది చంద్రమతి, రాజకుమారి పక్క వీధిలోనే ఉంటుందని, కాలేజీలో లెక్చరరని, రోజూ తనతోనే వాకింగ్‌కి వస్తుందని. ముందే ఎందుకు చెప్పలేదంటే, మూలం అడుగుతారని అంది.

సాయంత్రం రాజకుమారే వచ్చింది. జర పక్కకు జరుగుర్రి సార్ అని, కూర్చుని సగం అబ్బావిల్ని మళ్లీ అబ్బాయిల్ని చేసింది. నాకు సిగ్గేసింది. టీ నేనే పెట్టాను.

జూన్ 10
ఓడిపోయాను. నాకు పడ్డ ఓటు ఒక్కటే, రాజకుమారిది. పక్కన కారణం రాసింది: సార్ జిద్దు మనిషే గని, చేసిన పాడు తన చేతనే కడుగుతడు.
ఇక్కడ జిద్దంటే మొండితనం, గని అంటే ‘కాని’ అట. దిద్దలేదు.

జూన్ 20
తెనాలి నుంచి తమ్ముడు ఫోన్. అల్లుడేడీ అన్నాడు. బాయికి పోయాడన్నాను. ఇంట్లో కుళాయి రావడం లేదా అన్నాడు.
ఫోన్ పెట్టేశాను. ఒట్టి మూర్ఖుడు.