సరోజకు చెప్పవలసిన మాట

నస్పూర్.

అక్కకు, నీ తమ్ముడు కనకయ్య నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీవు, బావ, అవ్వ, నా బిడ్డ సరోజ, సుల్తానాబాద్‌లో మనవాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో రాయించు. ముందుగా ఒక మాట అక్కా. బావ ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేటప్పుడు సరోజ బడిలో ఉండేటట్టు చూడండి. మూడో తరగతికి వచ్చాక అక్షరం కనపడితే వదలడం లేదని నీవే రాయించావు. ఇది దాని కంట పడకూడదు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. రేకుల ఇల్లు పగలంతా పెనంలా కాలుతుంది. బొగ్గుబాయిలోకి దిగితే అక్కడ ఇంకో రకం ఉక్క. మగ్గం మీద కూర్చున్న రోజుల్లో కాళ్లు నొప్పులని గొణిగేవాణ్ణి, ఇప్పుడు తట్టలు మోసి మోసి మెడ తిరగడం లేదు. జొన్నరొట్టె నాకు ఇంకా చేతకావడం లేదు. ఒక పక్క మాడుతుంది, ఒక పక్క పచ్చిగా ఉంటుంది. అయినా తింటున్నాను. నా గురించి ఫికరు పెట్టుకోవద్దు.

అక్కా, దూది చచ్చిపోయింది.

దూది సంగతి నీకు సగమే తెలుసు. దసరా సెలవులకు సరోజ నా దగ్గరికి వచ్చినప్పుడు మంచిర్యాల వారపు అంగడికి తీసుకుపోయాను. అక్కడ ఒక ముసలాయన తీగల పంజరంలో తెల్లెలుకలు పెట్టుకుని అమ్ముతున్నాడు. పిల్లలంతా చక్రం మీద గిరగిర తిరిగేవాటిని చూసి చప్పట్లు కొడుతున్నారు. సరోజ మాత్రం మూలకు ముడుచుకున్న ఒకదాని ముందు కూర్చుండిపోయింది. దాని ఎడమ చెవి కొస తెగి ఉంది.

"చురుకుగున్నది తీసుకో బిడ్డా" అన్నాను.

"గా మూలకున్నదాన్ని ఎవ్వలు కొంటలేరు బాపు. నాకు గదే కావాలె."

రెండు తీసుకుంటే తోడుంటాయి కదా అని నేనంటే ముసలాయనే నవ్వాడు. "ఒక్కటే తీస్కపో. జోడు పెట్టినవంటే నెల తిరిగేసరికి ఇల్లంత ఎలుకలే అయితయ్."

నూలు ఉన్న ఇంట్లో ఎలుక వద్దని బావ అన్నది న్యాయమే. అందుకే సరోజ దూది అని పేరు పెట్టిన ఆ ఎలుక నా దగ్గర ఉండిపోయింది. సరోజ బస్సెక్కే ముందు నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. "దినాం నీళ్లు మార్చాలె. తడిసిన గడ్డి తీసెయ్యాలె. ఊకె పట్టుకోవద్దు, భయపడుతది. పనికి పోయేటప్పుడు దానికి చెప్పి పో బాపు."

అన్నీ చేశాను. చెక్కపెట్టెకు జాలీ కొట్టి, పిల్లులకు అందకుండా వాసానికి వేలాడదీశాను. నానిన శనగలు, జొన్నలు, ఒక దోసకాయ ముక్క పెట్టేవాణ్ణి. పక్కింటి పోచమ్మ ఒకటే నవ్వు. "మేము ఎలుకలను సంపుతానికి బోను పెడుతుంటే, నువ్వు శనగలు పెట్టి సాదుతున్నవా కనకన్నా!" మొదట బిడ్డ కోసమే చేశాను. తర్వాత నా కోసమే చేశాను. తలుపు తీయగానే ఆ పెట్టెలో గడ్డి కదిలేది. నేను వచ్చానని ఎరిగిన ప్రాణం ఈ ఊళ్లో అదొక్కటే.

పోయిన వారం నా రాత్రి షిఫ్టు అయ్యాక రావలసిన మనిషి రాలేదు. ఉండిపొమ్మన్నారు, ఉండిపోయాను. ఇంటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటిపోయింది. పెట్టెలో నీళ్ల మూకుడు బోర్లపడి ఉంది. దూది జాలీకి మూతి ఆనించి పడి ఉంది. ఎండకు ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంటే బతికే ఉందనుకుని నీళ్లు చల్లాను. లేదు. ఎవరినని ఏం లాభం? పోచమ్మకు ఒక మాట చెప్పి పంపితే చూసుకునేది. నాకు తోచలేదు.

గుడ్డలో చుట్టి ఇంటి వెనక పూడ్చాను. తర్వాత అంగడి రోజున ఆ ముసలాయన దగ్గరికి పోయాను. దాచకుండా చెబుతున్నాను అక్కా, అలాంటిదే ఇంకోటి తెచ్చి పెడదామనే పోయాను. చెవి సంగతి చెబితే ఆయన సంచిలోంచి కత్తెర తీశాడు.

"గింతనే కదా! జర కొస కత్తిరిస్త. పసిపిల్ల, ఏం గుర్తుపడుతది?"

సరే అన్నాను. ఆయన ఒకదాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు. అది కీచుమని అరిచింది. "వద్దు, వద్దు" అని చెయ్యి పట్టుకుని ఆపాను.

రాజేశ్వరి చనిపోయినప్పుడు మనం ఏం చేశామో గుర్తుందా? మీ అమ్మ మంథనిలో అమ్మమ్మ దగ్గర ఉందని సరోజకు మూడు నెలలు చెప్పాం. నువ్వు చెప్పావు, అవ్వ చెప్పింది, కన్నతండ్రిని నేనూ చెప్పాను. మంథని వైపు నుంచి ఏ బస్సు వచ్చినా సరోజ పోయి రోడ్డు మీద నిలబడేది. చివరికి బడిలో ఎవరో పిల్ల చెప్పింది. ఇంటికి వచ్చి ఏడవలేదు. నా ముందు నిలబడి ఒక్క మాట అడిగింది. "అందరికి ఎర్కేనా బాపు?" అప్పటి నుంచి నేను ఏ మాట చెప్పినా నా మొహంలోకి ఒక క్షణం చూసి గాని నమ్మదు.

ఈ శనివారం వస్తున్నాను. అంతవరకు ఏమీ చెప్పకండి. అడిగితే బాపు వచ్చి చెబుతాడనండి, పారిపోయిందని మాత్రం అనవద్దు. నేనే కూర్చోబెట్టుకుని, నీళ్లు ఒలికిన సంగతి, నేను రాని సంగతి, కత్తెర సంగతి, అన్నీ చెబుతాను.

అవ్వకు నా దండాలు, బావకు నమస్కారాలు. చిన్నపిల్లలకు నా ముద్దులు. వీలైతే కొంచెం మామిడికాయ తొక్కు పెట్టి ఉంచు, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకుంటాను. నా తప్పును కడుపులో పెట్టుకుని నన్ను దీవించు.

శనివారం అది ఏడుస్తుంది. ఏడవనీ అక్కా. ఇరుగుపొరుగు వింటారని, అవ్వ బాధపడుతుందని ఊరుకోబెట్టకండి. వాళ్లమ్మ కోసం ఏడవని ఏడుపు కూడా దాని కడుపులోనే ఉంది. ఎంతసేపైనా సరే, నేను పక్కనే కూర్చుంటాను.

నీ తమ్ముడు,
కనకయ్య