గాలే అనుకున్నాను

మంగళవారం, రాత్రి

ఒళ్లు హూనమైంది, నిద్ర మాత్రం రావడం లేదు.

పొద్దున పదకొండింటికి మిషన్ మీద ఉండగా ఫోన్‌కు అలారం మెసేజ్ వచ్చింది. ముందు తలుపు తెరుచుకుందట. మా వీధిలో దొంగలు పడ్డాక, లారీకి పోతూ ఆయన పెట్టించిన అలారం అది. ఈ వారంలో నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ గడియ వదులై, గాలికి తలుపు కదలడమే. ప్రతిసారీ ఎదురింటి ఖాసింబీ అక్కను పోయి చూడమన్నాను. మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. మోగి మోగి అదే ఆగుతుందిలే అని ఫోన్ బోర్లించి జీన్స్ కుట్టుకుంటూ కూర్చున్నాను.

అన్నానికి లేచి చూస్తే అక్క మూడుసార్లు ఫోన్ చేసి ఉంది. తిరిగి చేశాను.

"యాడున్నావే? నీ బిడ్డ పెద్దమనిషైనాది. బడి నుంచి ఒక్కతే వచ్చినాది. ఆ అలారం కూతకు వీధంతా చేరినారు. పిల్ల గోడకు ఆనుకోని ఏడుస్తాంటే, దుప్పటి కప్పి మా ఇంటికి తెచ్చుకున్నా."

రోజూ నేను వచ్చాకే ఇంటికి వస్తుంది కదా అని, బిడ్డకు అలారం ఆపడం నేర్పనే లేదు.

పనిలోంచి పరుగెత్తుకొచ్చాను. ఇందాక పడుకోబోతూ బిడ్డ అడిగింది.

"నేనొచ్చినట్టు నీ ఫోన్‌కు రాలేదామ్మా? నువ్వొస్తావని చూస్తానే ఉన్నా."

"రాలేదు" అన్నాను.

"అయితే అది చెడిపోయుంటాది. నాయనకు చెప్పి బాగు చేయించు."

సరేనన్నాను.