అత్తగారికి కుదుపు తగలకూడదు

జూన్ 7, శనివారం

నిర్ణయం జరిగిపోయింది. కారు కింద పని నేనే చేస్తాను. నా రెండు చేతుల్తో!

అత్తగారికి తుంటి ఆపరేషనైంది. పదిహేనో తారీఖు ఆదివారం ఆసుపత్రి నుంచి పంపించేస్తారు. దారిలో కుదుపు తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మా కారేమో నున్నటి రోడ్డు మీద కూడా ఎగిరి గంతేస్తుంది. ముందు షాకబ్జర్లు ఎప్పుడో చచ్చాయి. స్పీడు బ్రేకరు ఎక్కితే ధడేల్, దిగితే టకటక.

బావమరిది వెంటనే అందుకున్నాడు. "నా కొత్త కార్లో తీసుకెళ్తా బావా. కాకపోతే మా ఇంటికే. కోలుకునేదాకా అమ్మ మా దగ్గరే."

టాక్సీ అన్నాను. "అలాగైతే మనకీ కారు దేనికి?" అంది మా ఆవిడ. నిజమే.

అత్తగారు మా ఇంటికే రావాలి. ఈ ఇంట్లో నా జోకులకు నవ్వే మనిషి ఆవిడొక్కతే.

మెకానిక్ మాట ఎత్తొద్దు. పోయినసారి "పాత ఇనుముకు వేసెయ్యండి సార్" అన్నాడు. ఇక వాడి గడప తొక్కను.

ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాను. "బాబూ, మీరే బాగుచేస్తారా?" అని అత్తగారు పడీ పడీ నవ్వారు. నేను జోకు వెయ్యలేదు.

జూన్ 8, ఆదివారం

కొన్నవి: స్ప్రింగులతో సహా షాకబ్జర్లు రెండు, రబ్బరు బుష్షులు, జాకీ, పానాల సెట్టు, తలకు కట్టుకునే లైటు, నీలం రంగు ఓవరాల్. "ఓవరాల్ అవసరమా?" అంది మా ఆవిడ. వేసుకుని అద్దంలో చూసుకున్నాను. అవసరమే.

రిపేరు పుస్తకం కూడా తెచ్చాను. బొమ్మలు చాలా బాగున్నాయి. చక్రాన్ని కారుకు పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటుందట. దాని కీలులో ఉండే రబ్బరే బుష్. అంటే అత్తగారికి తుంటి, కారుకి బుష్. ఇద్దరికీ ఒకే వారం ఆపరేషన్!

జూన్ 9, సోమవారం

చక్రం విప్పాను! ఎంత సులువో! ఇంత చిన్న పనికి జనం మెకానిక్కుల చుట్టూ ఎందుకు తిరుగుతారో.

రాత్రి: ఒక నట్టు రావడం లేదు. నూనె పోశాను. సుత్తితో కొట్టాను. బతిమాలాను. తిట్టాను. పక్కింటాయన గోడ మీంచి చాలాసేపు చూసి, "ఎటు తిప్పుతున్నారండీ?" అని అడిగాడు.

బిగిస్తున్నానట.

జూన్ 10, మంగళవారం

నడుం పట్టేసింది. ఆఫీసుకి సెలవు. "అమ్మకి వాకర్ కొంటున్నాం కదా, ఇంకోటి చెప్పమంటారా?" అంది మా ఆవిడ. పక్కకి తిరిగి పడుకుందామనుకున్నాను. తిరగలేకపోయాను.

జూన్ 12, గురువారం

నిన్న వాన వస్తుందనిపించి పని ఆపాను. రాలేదు. అయినా అనిపించింది కదా.

ఈ రోజు కుడి పక్క పూర్తి! కొత్త షాకబ్జరు, కొత్త బుష్షులు. కారు జాకీ మీద ఉండగానే, ఆ ఇనుప చెయ్యి గాల్లో వేలాడుతుండగానే, బోల్టులన్నీ పళ్ళు బిగించి బిగించేశాను. ఇక ఏనుగొచ్చి లాగినా కదలవు.

జూన్ 13, శుక్రవారం

ఎడమ పక్క నట్టు అంచులు అరిగిపోయాయి. పానా పట్టడం లేదు. ఆ పక్క పాతదే ఉండనిచ్చాను. అత్తగారిని కుడి పక్క కూర్చోబెడితే సరి!

కారు కొంచెం ఒరిగింది. "చాలా ఒరిగింది" అంది మా ఆవిడ. కుడి పక్క నుంచి చూస్తే అంత తెలియదు.

జూన్ 14, శనివారం

పరీక్ష. మా ఆవిడను నా వెనక సీట్లో కూర్చోబెట్టి, చేతికి నిండు గ్లాసు నీళ్ళిచ్చాను. మొదటి వీధిలో చుక్క ఒలకలేదు. ఈల వేశాను. రెండో వీధి మలుపులో ఏదో కీచుమంది. తర్వాత స్పీడు బ్రేకరు. ధడేల్! గ్లాసులో నీళ్ళన్నీ నా మెడ మీద.

కింద దూరి చూశాను. కొత్త బుష్షులు చిరిగిపోయాయి. పుస్తకం తీశాను. బొమ్మ ఉన్న పేజీ తర్వాతి పేజీలో ఉంది: "చక్రాలు నేలకు ఆని, కారు బరువు పడ్డాకే ఈ బోల్టులు బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది." ఆ పేజీలో బొమ్మ లేదు. అందుకే చదవలేదు.

మా ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. నేను ఆపలేదు.

జూన్ 15, ఆదివారం

అత్తగారు బావమరిది కార్లో వెళ్ళిపోయారు. చప్పుడే లేదు ఆ కారుకి.

"బాబూ, మీ కారేదీ?" అని అడిగారు. "తయారవుతోంది అత్తయ్యగారూ, పెళ్ళికూతురికన్నా ఆలస్యం" అన్నాను. నవ్వలేదు. నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేశారు.

ఇంటికొచ్చి ఓవరాల్ ఉతికాను. ఏడుపొచ్చింది. కంట్లో గ్రీజు పడిందని మా ఆవిడతో చెప్పాను. సబ్బు నురగలో గ్రీజెక్కడిదని ఆమె అడగలేదు.

జూన్ 19, గురువారం

అసలు మనిషికి కారెందుకు? నడక ఆరోగ్యం. డైరీ రాయడం కూడా అనవసరం.

జూన్ 21, శనివారం

అత్తగారి ఫోన్! "ఇక్కడన్నీ బాగానే ఉన్నాయి బాబూ. పరుపు మెత్తన, కారు మెత్తన. మావాడే ఫోన్లోంచి తలెత్తడు. నిన్న నేనే ఒక జోకు వేశాను. 'మాత్ర వేసుకున్నావా అమ్మా?' అన్నాడు."

నెలాఖరుకి డాక్టరు మళ్ళీ రమ్మన్నాడట. "అక్కణ్ణుంచి మీ ఇంటికే వస్తా. ఆ కారు సంగతేదో చూడండి."

జూన్ 22, ఆదివారం

నిర్ణయం! కారు కింద పని నేనే చేస్తాను!

మళ్ళీ బుష్షులు కొన్నాను. బొమ్మలు లేని పేజీలన్నీ చదివాను. అరిగిన నట్టు కోసం మెకానిక్ గడప కూడా తొక్కాను. రేపు వచ్చి తీస్తానన్నాడు.

కొత్త బుష్షులు వేసి, ముందు చక్రాలను రెండు మందపాటి దిమ్మల మీదికి ఎక్కించి, కింద దూరి పానా పట్టుకున్నాను. మా ఆవిడ చెప్పుల చప్పుడైంది.

"బరువు పడాలని ఉందిగా పుస్తకంలో?" అంది. తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుంది. "కానివ్వండి. మా అమ్మను మనింటికి తెచ్చుకోవాలి."

కారు కిందికి దిగింది. ఎంత దిగిందో డైరీలో రాస్తే ఊరుకోనంది. రాయడం లేదు.

బోల్టు మాత్రం ఈసారి బాగా బిగిసింది. కుడి పక్క అయిపోయింది. ఎడమ పక్క రేపు.