మిషన్‌కు జమానతు ఎవలు?

అత్వెల్లి

ఏఐ రూల్స్ కమిటీ మేడం పద్మజ గారికి, గోదాం హమాలీ సంఘం పెద్ద శంకరయ్య దండం బెట్టి రాసుకునేది.

రూల్స్ రాసేతందుకు జనం మాట అడుగుతున్నరట గదా. మా గోదాంల గసుంటి ఏఐ మిషనే వచ్చింది. ఏ లారీకి ఎవలు పోవాలెనో అదే చెప్తది. చుట్టం లేదు, పక్షం లేదు, మస్తు సాఫ్ పని. ఇన్నొద్దులు వంతులు పిలిచిన ఐలమ్మ మాత్రం ఇంట్ల కూసున్నది. ఆమెకు గదే బతుకు. మా అడ్డాల కొత్తోడు పనికొస్తే ఒకలు జమానతు ఉండాలె. వాడు తప్పు జేస్తే జమానతు ఉన్నోళ్లు జవాబు చెప్పాలె. మిషన్‌కు ఎవలుంటరు?

ఇట్లు, శంకరయ్య

తా.క. చాయ్ తాగుతవా అని మిషన్‌ను అడిగిన. పలకలేదు. పొగరనుకున్న. కరెంటు లేదట.

*

శంకరయ్య గారికి నమస్కారాలు.

యంత్రాన్ని నిషేధించాలన్న మీ విన్నపం నమోదు చేశాం. తప్పుకు బాధ్యులెవరన్నది మా దగ్గరా తేలలేదు. తయారు చేసినవారు కొన్నవారిని చూపిస్తున్నారు, కొన్నవారు తయారు చేసినవారిని. కట్టడి చేస్తే వ్యాపారం పోతుందని సగంమంది, చేయకపోతే కొలువులు పోతాయని సగంమంది.

భవదీయురాలు, పద్మజ

తా.క. బిస్కెట్ల విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉంది.

*

పద్మజమ్మకు దండాలు.

బంద్ జెయ్యమని ఎవలన్నరమ్మా? దాన్ని సంఘంల చేర్చుకున్నం. మిషన్ తెచ్చిన గోదాం సేట్‌ను జమానతు అడిగితే ‘నాకేం సంబంధం’ అన్నడు. ‘పాపం, కొత్తది, నేనుంట’ అని ఐలమ్మే ముందుకొచ్చింది. మొన్నటిదాక జోరుగ మోసిండని మిషన్ నిన్న మా హమాలీ గండయ్యకే బరువు లారీ ఇచ్చింది. ఆయనకు నడుం పట్టిన సంగతి దానికేం ఎరుక? ఐలమ్మ ఉరికొచ్చి ఆపింది. జీతం లేదు గని తిట్లన్నీ ఆమెకే.

మీ శంకరయ్య

తా.క. మిషన్ తరఫున ఆమెనే గండయ్యను మాఫీ అడిగింది.

*

శంకరయ్య గారూ, నమస్తే.

ఐలమ్మ గారి సంస్థ గురించి విని మా అధ్యక్షులు పొంగిపోయారు. బాధ్యత తీసుకునేవారు ఒకరైనా దొరికారని అందరికీ ఆనందం. అది బీమా కంపెనీయా? ఎండీ గారిని ఒకసారి కమిటీకి పంపగలరు.

గౌరవంతో, పద్మజ

తా.క. ప్రొజెక్టర్ కావాలంటే చెప్పండి.

*

పద్మజమ్మా, బాగున్నవా.

కంపెనీ లేదు, ఎండీ లేదు. ఐలమ్మ ఒక్కతే. మీ ఉత్తరం సదివి వినిపించిన. ‘నా మాటకు గంత ఇలువ ఉంటే ఉత్తగ ఎందుకియ్యాలె’ అని జమానతు వాపస్ తీసుకుంది. జమానతు లేనోని మాట మీద మేం బస్తా లేపం. లారీలు మేడ్చల్ రోడ్డు దాకా ఆగినయ్. సేట్ ఉరికొచ్చి ‘తప్పయితే నాదే’ అని అందరి ముంగట ఒప్పుకున్నడు. ఒప్పుకున్నంక ఆయనకు భయం పట్టుకుంది. మిషన్ పక్కన కుర్చీ ఏసి, జీతమిచ్చి ఐలమ్మను కూసోబెట్టిండు. ఇప్పుడు అది వంతు చెప్తది, ఆమె మనిషిని చూసి ఊ అంటది. పని మస్తు నడుస్తాంది. ఆమెను చూస్తే నాకు గర్వమైతాంది.

ఉంట మరి, శంకరయ్య

తా.క. మీ కమిటీకి వస్తదట. ముందుగాల మీ రూల్స్ తప్పయితే జవాబు చెప్పేది ఎవలో పేరు రాసి పంపమంటాంది.