ప్లేట్లు, గుడ్లు, బావమరిది వైరు

సోమవారం, పొద్దున
ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లోకి కరెంటాఫీసు కరెంటు రాదు. నేనే పీకించేశా. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ స్తంభాలెక్కి అందరి ఇళ్ళకీ కరెంటిచ్చినవాణ్ణి, నా ఇంటికి నేనిచ్చుకోలేనా? వాళ్ళది బొగ్గు కాల్చి తీసే కరెంటు. ఊరి పక్క ఆ కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల బూడిద మా దండెం మీద బట్టల మీదే పడుతుంది. మా ఆవిడ దగ్గుతూనే ఉంటుంది. చాలు. ఇక సూర్యుడే.

మీటరు విప్పడానికొచ్చిన కొత్త లైన్‌మన్ అన్నాడు, "పెద్దాయనా, మళ్ళీ కావాలంటే చాలా రోజులు తిరగాలి. ఆలోచించుకో."
"మళ్ళీ అనే మాట మా ఇంట్లో లేదు. నీ పని నువ్వు చూసుకో" అన్నా.

సోలార్ ప్లేట్లు డాబా మీద నేనే బిగించా. షాపువాడు మనిషిని పంపుతానన్నాడు. నాకు వైరు కట్టడం నేర్పేవాడు ఇంకా పుట్టలేదని చెప్పా. ఇంటి ముందు స్తంభం ఉంది కదా, నా చేత్తో పాతిందే, సరిగ్గా దాని పక్కన పెట్టా. స్తంభం పక్కన నిలబడితే నాకు చెయ్యి బాగా ఆడుతుంది.

పక్కింట్లో ఉండేది మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. తన మేడ మీంచి అరిచాడు, "బావా, మబ్బు పడితే మా ఇంటికొచ్చెయ్. బల్బు కింద కుర్చీ వేస్తా."
వాడి మేడ మా ఇంటికన్నా ఒక అంతస్తు ఎత్తు. నోరు రెండంతస్తులు.

సోమవారం, సాయంత్రం
బల్బు వెలిగింది. ఫ్యాను తిరిగింది. బ్యాటరీ నిండుగా ఉంది. నేను ఫ్యాను కింద రెండు చేతులూ చాపి ఒక చుట్టు తిరిగా. నడుం పట్టేసింది. అయినా పర్లేదు.

మంగళవారం
ఇంట్లో ఒక గొడవ. మా ఆవిడకి పొదిగే పెట్టె ఒకటుంది. చెక్కపెట్టె, లోపల బల్బు, మూల గిన్నెలో నీళ్ళు. నిండా గుడ్లు. ఇంకో వారంలో పిల్లలొస్తాయట.

"ఈ పెట్టెని మాత్రం తమ్ముడింట్లో పెట్టొస్తానయ్యా" అంది.
"నా ఇంటి గుడ్లు పరాయి కరెంటుతో పొదగాలా? కుదరదు."
"చల్లబడితే లోపలే చచ్చిపోతాయి. ఒక్క గుడ్డు పాడైనా నీతో మాట్లాడను."
"ఉత్తినే ఆశ పెట్టకు" అన్నా.
గరిటె నా మీదికి రాలేదు. గోడకి తగిలింది.

సరే, గుడ్లకి నాదీ పూచీ. ఇంట్లో ఏది ఆగినా పెట్టెలో బల్బు ఆగదు. మాటంటే మాటే.

గురువారం
చీకటి పడేసరికి బ్యాటరీ నీరసపడుతోంది. బూడిద వల్లే. కరెంటాఫీసు వాళ్ళకి నా మీద కక్ష, గొట్టంలోంచి బూడిద పంపిస్తున్నారు. పాత యూనిఫాం చొక్కాతో ప్లేట్లు తుడిచా. ఈ రోజు నుంచి మిక్సీ లేదు, ఇస్త్రీ లేదు. ఫ్యానూ కట్టేశా. విసనకర్ర ఉంది. చేతికి కసరత్తు.

ఫోను మాత్రం టీ కొట్టులో చార్జింగ్ పెట్టించుకున్నా. బయట తాగిన టీ ఇంటి వంట కిందికి రాదు. ఇదీ అంతే.

శుక్రవారం
మ్యాచ్ ఉంది. మన టీవీ పెడితే గుడ్ల బల్బుకి తక్కువవుతుంది. బావమరిది ఇంట్లో చూశా. కరెంటు వాడిది, కళ్ళు నావి. ప్రమాణం చెడలేదు. వాళ్ళ ఫ్రిజ్‌లో నీళ్ళు తాగా. వేడి వాతావరణంలో చల్లటి నీళ్ళు మందు లాంటివి. మందుకి నియమాలుండవు.

"బావా, ఫ్యాను కొంచెం నీ వైపు తిప్పనా?" అన్నాడు వాడు.
"నీ ఇష్టం. నేనడగలేదు" అన్నా.

శనివారం
షాపువాణ్ణి పిలిపించా. ఊరికే, వాడి సరుకు గురించి నాలుగు తిట్టడానికి. వాడు డాబా ఎక్కి ప్లేట్లు చూళ్ళేదు, స్తంభం చూశాడు.

"పెద్దాయనా, పొద్దెక్కాక దీని నీడ సగం ప్లేట్ల మీద పడుతోంది. ఒక మూల నీడ పడితే మిగతావి కూడా పడుకుంటాయి."

జీవితమంతా స్తంభాన్ని పైకే చూశా. దాని నీడ ఎటు పడుతుందో ఒక్కసారీ చూడలేదు. వాడికి మాత్రం ఆ మాట చెప్పలేదు. "నాకు తెలుసు, నీకు తెలుసో లేదో చూద్దామని" అన్నా.

"మార్చేద్దామా? నీడ లేని చోటంటే ఆ పక్క మేడొకటే."
పక్క మేడ అంటే బావమరిదిది. వద్దన్నా.

ఆదివారం
మబ్బు. నిన్న సాయంత్రం నుంచీ ఒకటే మబ్బు. సాయంత్రానికి పెట్టెలో బల్బు ఎర్రగా అయ్యి, ఆరిపోయింది.

మా ఆవిడ గుడ్లన్నీ తీసి సగం తన ఒళ్ళో చీర కుచ్చెళ్ళలో పెట్టుకుని, మిగతా సగం నా చేతికిచ్చింది. "పూచీ నీదన్నావుగా. పడుకో." వెల్లకిలా పడుకుంటే పొట్ట మీద పేర్చి దుప్పటి కప్పింది. తుమ్మొచ్చింది. మింగేశా. ఒక గుడ్డులో ఏదో కదిలింది, చిన్నగా, లోపల్నుంచి తలుపు కొట్టినట్టు.

ఎంతసేపని ఇలా? గుడ్లు ఆవిడ ఒళ్ళోకి మార్చి, లేచి రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికెళ్ళా. బావమరిది అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్."
"చెప్పు బావా."
"ఆ... అదే."
"ఏదే?"
"వైరు ఇవ్వరా. నీ ఇంట్లోంచి. గుడ్లకి."

వాడు నవ్వలేదు. ఒళ్ళో చుట్టి పెట్టుకున్న వైరు గోడ మీంచి విసిరాడు. అవతలి కొస అప్పటికే వాడి ప్లగ్గులో ఉంది.
"మబ్బు పట్టినప్పుడే తీశా. నువ్వు నోరు తెరిచి అడిగేదాకా ఇవ్వొద్దంది అక్క. పిల్లల్ని ఒళ్ళో నేను చూసుకుంటాలే అంది."

మంగళవారం
పిల్లలొచ్చాయి. పసుపు ఉండల్లా ఇల్లంతా దొర్లుతున్నాయి. ఒక్క గుడ్డు కూడా పాడవలేదు. మా ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఆపట్లేదు. నేను నేల మీద కూర్చుంటే ఒకటి నా జేబులో దూరింది. బావమరిది వచ్చి నా పక్కనే కూర్చుని, ఒకటి తన జేబులో వేసుకోబోయాడు. చేతి మీద కొట్టా.

బుధవారం, పొద్దున
ప్లేట్లు బావమరిది మేడ మీదికెక్కించాం. వాడు కింద నిచ్చెన పట్టుకున్నాడు. నేనడిగితేనే పట్టుకున్నాడు. ఈసారి గట్టిగానే అడిగా. అక్కడ నీడే లేదు. రెండిళ్ళకీ సరిపోతుందన్నాడు షాపువాడు.

కాబట్టి ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలు. సూర్యుడున్నంతసేపు కరెంటాఫీసు కరెంటు ముట్టను. మాటంటే మాటే. సూర్యుడు ఎప్పుడున్నాడో ఎప్పుడు లేడో మా ఆవిడ చెబుతుంది.